అమ్మానాయనలకు కోట చూపించాలంటే...

ప్రశ్న: మాది జమ్మలమడుగు. బర్మింగ్‌హామ్ వచ్చి ఏడాది కావస్తోంది. జూన్‌లో అమ్మానాయన వస్తున్నారు. కారు అద్దెకు తీసుకుని వారం రోజులు కోటలు, వాటి తోటలు చూపిద్దామని రోజుకు మూడు చొప్పున లిస్టు రాసుకున్నా. సరిపోతుందా అక్కా?

జవాబు: ముందు ఆ లిస్టు చించెయ్ తమ్ముడూ. రోజుకొక్కటి చాలు, అదీ తోటకోసమే. గండికోట పక్కన పుట్టి పెరిగినోళ్లు, పెన్న లోయను చూసిన కళ్లకు ఇక్కడి బురుజులేం ఆనుతాయి?

నన్నడిగితే మొదట వేల్స్‌లోని పోవిస్ కోటకు తీసుకెళ్లు. బర్మింగ్‌హామ్ నుంచి కారులో రెండు గంటల లోపే. కారొద్దనుకుంటే వెల్ష్‌పూల్‌కు నేరుగా రైలుంది. గండికోటలాగే ఎర్రరాతి కోట, 13వ శతాబ్దంలో అక్కడి రాజులు కట్టించింది. దాని కింద కొండవాలును అంతస్తులుగా చదును చేసి తోట వేశారు. అక్కడి యూ (ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు) చెట్లు 300 ఏళ్లనాటివి. పులిసిన పిండి గిన్నె అంచు దాటి పొంగినట్టు పై గోడ మీదనుంచి కిందికి ఒరిగి ఉంటాయి. తోటమాలులు క్రేనులాంటి బండి ఎక్కి నెలల తరబడి కత్తిరిస్తారు వాటిని. ఆకు, గింజ రెండూ విషం. ఏ చెట్టు కనబడినా ఆకు తుంచి వాసన చూసే అలవాటు మీ అమ్మకుంటే ముందే చెప్పిపెట్టు. పూజకని పూలు కోయడం కూడా కుదరదు, అది మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పు!

లోపల క్లైవ్ మ్యూజియం ఉంది. మీ నాయనను తప్పకుండా తీసుకెళ్లాల్సింది అక్కడికే. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ ఈ ఇంటి ఆడపిల్లనే చేసుకున్నాడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. ఆ కాలంలోనే, 1799లో, టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం ఈస్టిండియా కంపెనీ చేతికి చిక్కింది. టిప్పు పూలపూల డేరా, సింహాసనం మీది బంగారు పులితల ఈ ఇంటికి చేరాయి. మరుసటి ఏడాదే నిజాం మన కడప, అనంతపురం, బళ్లారి సీమలను కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలంటే అవే కదా. ఈ కథంతా కారులోనే చెప్పెయ్, లోపల గైడు ఇంగ్లీషు ఆయనకు అందకపోవచ్చు.

ఇక డబ్బు సంగతి. పోవిస్ నేషనల్ ట్రస్టు వాళ్లది, పాత కోటలు, తోటలు కాపాడే సంస్థ అది. మెంబర్షిప్పు తీసుకుంటే వాళ్ల తోటలన్నింటికీ టికెట్టు ఉండదు, కారు పార్కింగూ దాదాపు అంతటా ఉచితమే. అదే కార్డు ఇంగ్లీష్ హెరిటేజ్ కోటల దగ్గర చూపిస్తే లాభం లేదు, అది వేరే సంస్థ. లండన్ వైపు వెళ్తే కెంట్‌లో సిస్సింగ్‌హర్స్ట్ ఉంది. పేరుకే కోట, మిగిలింది ఒక బురుజు, కొన్ని కట్టడాలు. కానీ అన్నీ తెల్లపూలే వేసిన తోట ఒకటుంది, అది చూడాలి. అదే కెంట్‌లో ఉన్న హీవర్ కోట ప్రైవేటుది, టికెట్టు కొనాల్సిందే.

మన లైసెన్సుతో ఇక్కడ ఏడాది వరకే నడపొచ్చు. జూన్‌కు నీకు గడువు దాటుతుందేమో లెక్క చూసుకో. పోవిస్‌లో మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులుంటే పొద్దున్నే తోట తిప్పి, మధ్యాహ్నం గదులు చూపించు. తోట తెరిచి ఉన్నా గదులు మూసి ఉండే రోజులుంటాయి. ముందురోజు రాత్రే వాళ్ల వెబ్‌సైటులో రెండింటి వేళలూ విడివిడిగా చూసుకో.