వేలంలో పాడుకున్న తుప్పు జీపు 1972ది కాదట, డిపాజిట్ వెనక్కి వస్తుందా?

ప్రశ్న: ఎవరూ విడిపించుకోని వాహనాలను మా జిల్లాలో పోలీసులు వేలం వేశారు. అందులో ఒక పాత మహీంద్రా జీపును 1,85,000 రూపాయలకు పాడుకున్నాను. జాబితాలో ‘జీపు, 1972 మోడల్’ అని ఉంది. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించి, మా తాతగారి జీపులా తయారు చేయించాలని నా ఆశ. 20 వేలు డిపాజిట్ కట్టాను. మిగతాది పది రోజుల్లో కట్టాలి. పాట అయ్యాక మెకానిక్‌ని తీసుకెళ్తే ఛాసిస్‌ను (బండి అడుగు చట్రాన్ని) తుప్పు తినేసిందని, 60 వేలకు మించి చేయదని అన్నాడు. నంబర్ ప్లేటు మూడక్షరాల పాతది. తెలిసినవాళ్ల ద్వారా ఆర్టీఏ ఆఫీసులో పాత రిజిస్టర్ చూపిస్తే మొదటి రిజిస్ట్రేషన్ 1984లో అని తేలింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పాట రద్దు చేసుకోవచ్చా? బండి తీసుకుంటే ఆర్సీ వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. బండికి ధర ఎక్కువ పెట్టానన్నది ఒకటి. 1972 అని రాసి 1984ది ఇచ్చారన్నది రెండోది. మొదటిదాన్ని పట్టుకుంటే మీకేమీ రాదు. రెండోదాన్ని గట్టిగా పట్టుకోండి.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 20వ సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. కొనే వస్తువు విలువను తప్పుగా అంచనా వేసుకుంటే దాన్ని వాస్తవం విషయంలో జరిగిన పొరపాటుగా లెక్కించరు. కాబట్టి 60 వేల బండిని మూడింతలకు పాడుకున్నా ఒప్పందం ఒప్పందమే. వస్తువు బాగోగులు కొనేవాడే చూసుకోవాలని 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. దానికి మినహాయింపులు ఉన్నాయి గానీ కళ్లెదుట ఉన్న తుప్పుకు అవి పనికిరావు. బండి కింద దూరి సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే ఛాసిస్ సంగతి పాటకు ముందే తెలిసేది. మీరు మెకానిక్‌ని పాట అయ్యాక తీసుకెళ్లారు. పెళ్లయ్యాక పెళ్లిచూపులకు వెళ్లినట్టయింది. మాట కటువుగా ఉంటే ఏమనుకోకండి, అవతలి వకీలు ఇంతకంటే కటువుగా అడుగుతాడు.

ఏడాది సంగతి అలా కాదు. వస్తువును ఫలానాది అని వర్ణించి అమ్మితే, ఇచ్చే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. అది అదే చట్టం 15వ సెక్షన్. మామూలు సెకండ్ హ్యాండ్ కారుకు ఏడాది రెండేళ్ల తేడా పెద్ద విషయం కాకపోవచ్చు. ఇక్కడ మాత్రం బండి ఏ జాతిదో తేల్చేదే ఆ ఏడాది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 81ఎ నుంచి 81జి వరకు చేర్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలే వింటేజ్. 1972లో రిజిస్టర్ అయిన జీపుకు 2022లోనే ఆ అర్హత వచ్చేది. మీ జీపు 2034 దాకా ఆగాలి.

ఆ వింటేజ్ ఆశలో ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించరు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు చేసిన బండికి వింటేజ్ హోదా ఇవ్వరు. మీ మెకానిక్ చెప్పినట్టు ఛాసిస్ తుప్పు తినేసి ఉంటే, దాన్ని కోసి కొత్తది అతికించిన రోజున 1972 జీపుకైనా ఈ అడ్డం వచ్చేది. పైగా 20 వేలు ఫీజు కట్టి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తెచ్చుకున్నా రోజూ బజారుకు తిప్పడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి.

ఇక అవతలివాళ్లు ఏమంటారో చూద్దాం. ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అనే షరతు మీద మీరు ఒప్పుకున్నారంటారు. చట్టం తనంతట తాను కల్పించే రక్షణలను పార్టీలు ఒప్పందంతో వదులుకోవచ్చని సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 62వ సెక్షన్ అంటుంది. నా ఉద్దేశంలో ఈ షరతు బండి కండిషన్‌కు వర్తిస్తుంది గానీ, ఏ బండి అమ్ముతున్నారన్న వర్ణనను పూర్తిగా మింగేయదు. అయితే మీ వేలం షరతుల్లో ‘మోడల్ వివరాలు సుమారుగా ఇచ్చినవి, కొనేవారే సరిచూసుకోవాలి’ అన్న వాక్యం ఉందేమో ముందు చూడండి. ఉంటే మీ కేసు సగం బలహీనపడినట్టే. తెలియక చెప్పినా తప్పుడు మాట తప్పుడు మాటే, దాని మీద చేసుకున్న ఒప్పందాన్ని కాదనవచ్చు. కానీ మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఆ అవకాశం ఉండదని కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ మినహాయింపు. ఆ పాత రికార్డు ఆఫీసు రిజిస్టర్లో తప్ప ఆన్‌లైన్లో దొరకదని చూపించగలిగితే మీకు జవాబు ఉన్నట్టే.

పది రోజులు దాటనిచ్చి ఊరుకుంటే మాత్రం డిపాజిట్ జప్తు అవుతుంది. ఆన్‌లైన్ వేలమైతే మీ పాట ‘సబ్జెక్ట్ టు అప్రూవల్’ (అధికారి ఆమోదానికి లోబడి) కింద ఉందా, ఖరారు ఉత్తర్వు వచ్చిందా చూడండి. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం అమ్మకం ఖరారయ్యేదాకా పాటను వెనక్కి తీసుకోవచ్చు. అంతమాత్రాన డిపాజిట్ వచ్చేస్తుందనుకోకండి. ఆమోదానికి ముందే బిడ్ ఉపసంహరించుకున్నా షరతుల ప్రకారం డిపాజిట్ జప్తు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లో గంగా ఎంటర్‌ప్రైజెస్ కేసులో చెప్పింది. వినియోగదారుల కమిషన్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. బహిరంగ వేలంలో స్థలం లీజుకు పాడుకున్నవాడు వినియోగదారు కాడని 2009లో అమర్‌జీత్ సింగ్ కేసులో వచ్చిన తీర్పును మీ మీదకు తెస్తారు.

20 వేల కోసం సివిల్ దావా వేయమని నేను చెప్పను. ఖర్చు అంతకు మించుతుంది. వేలం అధికారికి రాసే ఉత్తరం మీద పని జరిగే అవకాశమే ఎక్కువ.

బండి ఉంచుకోవాలనుకుంటే ఆర్సీ సంగతి. ప్రభుత్వ వేలంలో కొన్న వాహనానికి కేంద్ర నియమాల్లో 57వ నియమం వర్తిస్తుంది. బండి చేతికొచ్చిన 30 రోజుల్లో పేరు మార్పిడి దరఖాస్తు, అంటే ఫారం 32, ఆర్టీఏకు ఇవ్వాలి. దానికి అమ్మకం ఖరారు పత్రం, వేలానికి అనుమతించిన ప్రభుత్వ ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి జతచేయాలి. ఉన్న నంబరు తప్పుడుదని తేలితే ముందు వేలం వేసిన శాఖ పేరున కొత్త నంబరు కేటాయించి, తర్వాత మీ పేరుకు మారుస్తారు. ఎవరూ అడగని ఆస్తిని ప్రకటన ఇచ్చి, ఆరు నెలలు గడువిచ్చాకే అమ్మాలని భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 503, 504 సెక్షన్లు చెబుతున్నాయి. ఆ ప్రకటన వివరం మీ పత్రాల్లో ఉంటే పాత ఓనరు వచ్చి తగువు పెట్టినా భయం తక్కువ.

జాబితాలో మీ లాట్ ‘స్క్రాప్’ శీర్షిక కింద ఉంటే మాత్రం ఆర్సీ మాట మరచిపోండి. అదే గనక ప్రభుత్వ శాఖ సొంత జీపు అయితే కథ ఇంకోలా ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కు కేంద్రానికే వెళ్లాలి. రక్షణ, శాంతిభద్రతల అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకే మినహాయింపు.

1984 జీపు మామూలు బండిగా రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలి, తనిఖీకి నిలబడాలి. ఛాసిస్ ఆ తనిఖీలో పోతే మీ చేతిలో మిగిలేది ఇనుము తూకమే. అందుకే బండి విలువ లెక్కవేసేటప్పుడు నేనైతే ముందు కాగితాలు చూస్తాను, తర్వాతే ఇంజిన్. ఒక హెచ్చరిక: ఛాసిస్ నంబరు మీద తుప్పు ఉందని గ్రైండర్ పెట్టకండి. అంకె ఒక్కటి చెరిగినా నంబరు మార్చారనే అనుమానం మీ మీదకే వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది, తెలిసినవాళ్ల ద్వారా చూపించుకున్న ఆ రిజిస్టర్ వివరాన్ని ఆర్టీఏ నుంచి ధ్రువీకృత బి-ఎక్స్‌ట్రాక్ట్‌గా (రిజిస్ట్రేషన్ రికార్డు నకలుగా) తీసుకోవడం. దాన్ని జతచేసి, వర్ణన తప్పు కాబట్టి పాట రద్దు చేసి డిపాజిట్ ఇవ్వమని, తేలేదాకా గడువు పొడిగించమని వేలం అధికారికి రాయండి. తుప్పు గురించి, ధర గురించి అందులో ఒక్క ముక్క కూడా వద్దు. మీ కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి.