ఏడిపించడం తేలికే తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన నాటిక సమీక్ష రెండుసార్లు చదివాను, మొదటిసారి నీ మీద ప్రేమతో, రెండోసారి పెన్ను పట్టుకుని. కోపం తెచ్చుకోకు గానీ, రెండోసారికి పెద్దగా ఏమీ మిగల్లేదు. "హృదయాన్ని కదిలించింది", "కంటతడి పెట్టించింది", "పాత్రలో జీవించారు" అన్న మాటలు కొట్టేస్తే నటీనటుల పేర్లూ, లైటింగ్ చేసినాయన పేరూ ఉన్నాయి. అవి కరపత్రంలోనే ఉన్నాయి కదా.

కొడుకు పోయిన ఇంటిని స్టేజీ మీద పెట్టి, తల్లి చేత ఏడిపించి, వెనక వయొలిన్ వేస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. నాకైతే ఈ వయసులో మరీ తొందరగా చెమరుస్తున్నాయి. అందుకే ఏడుపొచ్చినప్పుడల్లా అందులో నాటకం వాటా ఎంత, మన ఇంట్లో పోయినవాళ్ల వాటా ఎంత అని తిరుగు బస్సులో కూచుని లెక్కేసుకుంటాను. ఒక్కోసారి నాటకం వాటా సున్నా అని తేలుతుంది.

నేనేం చేస్తానో చెప్తా. తల్లి ఏడుస్తున్నప్పుడు తల్లిని చూడను, పక్కనున్నవాళ్లని చూస్తాను. ఆవిడ డైలాగ్ చెప్తున్నంతసేపూ కూతురు తన వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడి ఉందా, లేక అమ్మ ఈ మాట వందోసారి అంటోందని తెలిసిన పిల్లలాగా గిన్నెలు సర్దుకుంటోందా? మనిషి పోయిన ఇంట్లో అందరూ ఒకేసారి ఏడవరు. ఒకరికి ఆకలేస్తుంది, ఆకలేసినందుకు సిగ్గేస్తుంది. ఇంకొకరు పదకొండో రోజు భోజనాలకి వంటాయనతో బేరమాడుతుంటారు. నువ్వేమో తండ్రి వేషం గురించి "సహజంగా నటించారు" అని ఒక్క ముక్కతో వదిలేశావు. ఏం చేస్తే నీకు సహజమనిపించిందో అది రాయాలి కదా.

నేనూ తప్పులు చేశాను. తెనాలి దగ్గర ఒక పరిషత్తు నాటిక పోటీల్లో ఇలాంటి నాటికే చూసి, తండ్రి పాత్రధారికి భావం పలకలేదని రాసేశాను. కొన్నాళ్లకి అదే నాటిక ఇంకో ఊళ్లో ముందు వరసలో కూచుని చూశాను. ఆయన సీను మొత్తం కొడుకు చొక్కా ఒకటి మడతపెడుతూనే ఉన్నాడు. మడతపెట్టడం, కాలర్ సరిగ్గా రాలేదని విప్పడం, మళ్లీ మొదలెట్టడం. చివర్లో భార్య కాఫీ తెస్తే, చొక్కా పక్కన పెట్టకుండానే ఒక చేత్తో గ్లాసు అందుకున్నాడు. నాకు చాలా సిగ్గేసింది. కాకపోతే తర్వాత ఇంకో ఆలోచన కూడా వచ్చింది, వెనక వరసలో ఉన్నవాడికి ఆ చొక్కా కనిపించకపోతే అది ఎవరి తప్పు? నటుడు గొప్పగా చేశాడు, దర్శకుడు ఆయన్ని మూలకి, మసక లైట్లోకి తోశాడు. ఈ రెండూ వేరు వేరు వాక్యాల్లో రాయాల్సినవి. నేను కలిపేసి నటుడి నెత్తిన రుద్దాను.

అన్నట్టు, విషాదాంతం తెలుగు నాటకానికి కొత్త అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. 1912లో కన్నుమూసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు అంతకు ముందే బళ్లారిలో 'విషాద సారంగధర' రాశారు. అదీ ఒక ఇంటి కథే, కొడుకుని తండ్రే శిక్షించే కథ.

ఇక హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను నీకు తెలియంది కాదు. పాము కరిచి పోయిన కొడుకు లోహితుడితో చంద్రమతి శ్మశానానికి వస్తే, ఆమె ఎవరో తెలియని హరిశ్చంద్రుడు కాటి సుంకం కట్టమంటాడు. మా చిన్నప్పుడు జనం వన్స్‌మోర్ అని అరిస్తే చంద్రమతి కళ్లు తుడుచుకుని, హార్మోనియం వైపు ఓ చూపు చూసి, మళ్లీ మొదటినుంచి ఏడ్చేది. కింద పడుకున్న పిల్లాడు మాత్రం దోమలు కుడుతున్నా కదలకూడదు, పాపం. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, అక్కడ దుఃఖాన్ని పద్యమూ రాగమూ మోసేవి. అయినా ముందు కూచున్న పెద్దవాళ్లు, సుంకం అడిగేటప్పుడు హరిశ్చంద్రుడి గొంతు ఎలా ఉందో దాన్ని బట్టే మార్కులేసేవాళ్లు. సాంఘిక నాటికలో పద్యం లేదు, ఆ ఖాళీలోకి వయొలిన్ ట్రాక్ వచ్చి కూచుంది. నటి మౌనంగా ఉండాల్సిన చోట అది మోగిపోతుంటుంది. దాన్ని నువ్వు "సందర్భోచిత సంగీతం" అన్నావు!

పరిషత్తుల సంగతి కూడా మర్చిపోకు. గంట అటూ ఇటూగా నాటిక అయిపోవాలి, కింద న్యాయనిర్ణేతలుంటారు, ఉత్తమ నటి బహుమతి ఉంటుంది. దాంతో చివరి పది నిమిషాల్లో పాత్రలన్నీ వంతులవారీగా బద్దలవుతాయి. అది రాతలోనే ఉందా, రిహార్సల్లో చేరిందా తెలియాలంటే స్క్రిప్టు అడుగు, చాలామంది ఇస్తారు.

వచ్చే నెల వాళ్లు మళ్లీ ఆడుతున్నారని నువ్వే అన్నావు కదా. ఈసారి వెనక వరసలో కూచో, తల్లి ఏడుపు సీను వచ్చినప్పుడు కూతురి చేతులు చూడు, ఏం చేస్తున్నాయో నాకు నాలుగు లైన్లు రాసి పంపు. బస్సు చార్జీలు నేనిస్తాలే.

మీ అన్నయ్య