అక్క పుస్తకాలతో జీమ్యాట్ రాయొచ్చా?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఎంబీఏ కోసం జీమ్యాట్ రాద్దామనుకుంటున్నాను. మా అక్క ఏడేళ్ల కిందట రాసింది. తన పుస్తకాలన్నీ నాకిచ్చి, 700 దాటకపోతే దండగ అంటోంది. నేను లెక్కలు వదిలేసి చాలాకాలమైంది. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మొదలుపెట్టే ముందు ఏం తెలుసుకోవాలి?

జవాబు: ముందుగా ఆ 700 సంగతి. ఇప్పుడు జీమ్యాట్‌లో ఎవరికీ 700 రాదు, ఎంత బాగా రాసినా రాదు. స్కోర్లు 205 నుంచి 805 దాకా ఉంటాయి, అన్నీ 5తోనే ముగుస్తాయి. అక్క కాలంలో 700 అంటే ఏ స్థాయో, ఇప్పుడు సుమారు 645 ఆ స్థాయి. 2023 నవంబరులో పరీక్ష రూపం మారింది, 2024 జనవరితో పాతది ఆగిపోయింది. అందుకే స్కోరు అంకె కన్నా దాని పక్కనుండే పర్సంటైల్ (రాసినవాళ్లలో నూటికి ఎంతమంది మీకన్నా వెనకున్నారో చెప్పే అంకె) చూడటం అలవాటు చేసుకోండి.

పుస్తకాల్లో కూడా కొంత పక్కన పెట్టాల్సిందే. వ్యాసం, సెంటెన్స్ కరెక్షన్, జ్యామితి ఇప్పుడు లేవు. అంకగణితం, బీజగణితం, రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్ అధ్యాయాలు నిక్షేపంగా పనికొస్తాయి. ఇప్పుడు క్వాంట్ (లెక్కలు)లో 21 ప్రశ్నలు, వెర్బల్ (ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకోవడం, తర్కం)లో 23, డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫుల్లాంటి సమాచారాన్ని విశ్లేషించడం)లో 20. ఒక్కోదానికి 45 నిమిషాలు. ఏది ముందు రాయాలో మీ ఇష్టం.

చాలామంది దెబ్బతినేది డేటా ఇన్‌సైట్స్ దగ్గర. పాత పరీక్షలో దీన్ని పోలిన విభాగం మొత్తం స్కోరులో కలిసేది కాదు. ఇప్పుడు మిగతా రెండిటితో సమానంగా కలుస్తుంది. అందులో డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు, అంటే ఇచ్చిన సమాచారం జవాబు తేల్చడానికి సరిపోతుందా అని అడిగేవి, ఎలా ఉంటాయో చూడండి: ఎక్స్ విలువ ఎంత? ఒకటో సమాచారం, ఎక్స్ వర్గం 9. రెండోది, ఎక్స్ సున్నా కన్నా ఎక్కువ. మొదటిదాంతో 3 కావచ్చు, మైనస్ 3 కావచ్చు. రెండోదాంతో సున్నా కన్నా పెద్దది ఏదైనా కావచ్చు. రెండూ కలిస్తేనే 3 అని తేలుతుంది. జవాబుగా పెట్టాల్సింది 3 కాదు, ‘రెండూ కలిస్తే సరిపోతుంది’ అన్న ఆప్షన్. లెక్క మొత్తం చేసేయాలన్న తొందర ఉన్నవాళ్లకే ఇక్కడ ఎక్కువ టైమ్ పోతుంది. లెక్కలు మర్చిపోయానని భయపడే మీలాంటివాళ్లు కూడా ఇక్కడ నెగ్గుకురావచ్చు. కాలిక్యులేటర్ తెర మీద కనిపించేది కూడా ఈ ఒక్క విభాగంలోనే.

టైమ్ గురించి ఒక మాట. జవాబు పెట్టకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్లనివ్వరు. విభాగం చివర్లో టైమ్ మిగిలితే వెనక్కి వెళ్లి మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. ప్రశ్నలు పూర్తి చేయకుండా వదిలేస్తే స్కోరు బాగా తగ్గుతుంది. కాబట్టి తెలియని ప్రశ్న మీద నాలుగు నిమిషాలు కూర్చోకండి, ఏదో ఒకటి పెట్టి ముందుకెళ్లండి. స్కూల్లో ఫస్టు వచ్చినవాళ్లకి ఇది ఒక పట్టాన చేతకాదు.

చదవడం మొదలుపెట్టకముందే అధికారిక సైట్‌లో ఉచితంగా ఇచ్చే రెండు మాక్ టెస్టుల్లో ఒకటి రాసేయండి. స్కోరు ఎంత వచ్చినా కంగారు పడకండి. ఏ విభాగంలో బలహీనమో తెలియడానికే అది. రెండోది పరీక్షకి రెండు వారాల ముందు దాకా దాచుకోండి.

తేదీని మాత్రం అప్లికేషన్ గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుని పెట్టుకోండి. ఒకసారి రాశాక మళ్లీ రాయాలంటే 16 రోజులు ఆగాలి, 12 నెలల్లో ఐదుసార్లకి మించి కుదరదు. గడువుకి కనీసం ఆరు వారాల ముందు మొదటిసారి రాస్తే, సరిగ్గా రాకపోయినా ఇంకో అవకాశం చేతిలో ఉంటుంది. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. అంటే అక్క స్కోరుకే ఇప్పుడు కాలం చెల్లింది!

డబ్బు కట్టేముందు, మీరనుకుంటున్న స్కూళ్లు జీమ్యాట్ బదులు జీఆర్‌ఈ అనే మరో ప్రవేశ పరీక్ష స్కోరు తీసుకుంటాయేమో వాటి సైట్లలో చూడండి. చాలా స్కూళ్లు తీసుకుంటున్నాయి. రెండిటి మాక్‌లూ రాసి, పర్సంటైల్ ఎందులో మెరుగ్గా ఉంటే దాన్ని పట్టుకోండి. ఏది రాసినా, బుక్ చేసేటప్పుడు మీ పేరు గుర్తింపు పత్రంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. తేడా ఉంటే పరీక్ష గది గుమ్మం దగ్గరే ఆపేస్తారు.