చెక్-ఇన్ పెట్టెకు తాళం వేస్తే నగలు భద్రమేనా?
బెంగళూరు నుంచి విజయవాడకు పెళ్ళికి విమానంలో వెళ్తున్నామని, నగలను చెక్-ఇన్ పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలదా అని అడిగారు. చాలదు. జిప్పు పళ్ళ మధ్య బాల్‌పెన్ను మొన గుచ్చితే అది విచ్చుకుంటుంది. ఆ తరువాత తాళంతో సహా రన్నర్లను అటూ ఇటూ జరిపితే మళ్ళీ మూసుకుపోతుంది కనుక, ఇంటికి చేరి పెట్టె తెరిచేదాకా వస్తువు పోయిన సంగతే తెలియదు. నగలు, నగదు, లాప్‌టాప్ చేతిసంచిలోనే ఉంచుకోండి. ఆ సంచిని పై అరలో మీ కంటికి కనిపించేచోట పెట్టండి.

పెట్టెను సర్దేటప్పుడు ఫొటో తీసి, ట్యాగు చీటీని దాచుకోండి. దిగాక సామాన్లు వచ్చే బెల్టు దగ్గరే జిప్పు, బరువు చూసుకొని, తేడా కనిపిస్తే బయటికి రాకముందే ఎయిర్‌లైన్ కౌంటరులో పి.ఐ.ఆర్. అనే ఫిర్యాదు పత్రం రాయించుకోవాలి. ఇంటికి వచ్చాక తెలిస్తే, పెట్టె అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.