కప్పు మార్చే ముందు గోడ తల చూడు

చి. రమణకు,

బాబాయి ఆశీస్సులు. ఊళ్ళో ఇంటి కప్పు మార్చాలనుకుంటున్నానని, ఏ రేకు మంచిదని అడిగావు. రేకు సంగతి తర్వాత. ఉద్దానంలో ఏ తుపాను వెళ్ళాకైనా తోటల్లో తిరిగి చూడు, చిరిగిన రేకులు తక్కువ, ఊడి వచ్చిన రేకులు ఎక్కువ. కొన్నిచోట్ల రేకులు పైపులకు అంటుకునే ఉంటాయి, చట్రం మొత్తం ఎగిరి పక్క జీడితోటలో పడి ఉంటుంది. రేకు గట్టిదే, స్క్రూలు గట్టివే. చట్రాన్ని గోడకు పట్టి ఉంచినదే ఏమీ లేదు. నీ డబ్బు ముందు అక్కడ పడాలి.

లెక్క చూడు. భవనాల మీద గాలి ఒత్తిడి లెక్కలు చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అది మన తీరానికి పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్ దాదాపు ఆ స్థాయిదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అంతకన్నా తక్కువ గాలి, అయినా మన కప్పులు ఆగలేదు. ఆ 50 మీటర్ల గాలికి చదరపు మీటరుకు దగ్గరదగ్గర 150 కిలోల ఒత్తిడి వస్తుంది. అది కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. మూలల్లో, చూరు అంచుల్లో, కొప్పు దగ్గర ఈ లాగుడు ఇంకా చాలా ఎక్కువ. మీ ఇల్లు 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు కదా. చూరుతో కలిపి కప్పు సుమారు 740 చదరపు అడుగులు, అంటే 69 చదరపు మీటర్లు. లాగుడు పది టన్నుల పైమాటే. అర మిల్లీమీటరు రేకులన్నీ కలిపి 300 కిలోలు, పైపులతో సహా మొత్తం కప్పు టన్ను కూడా తూగదు. బరువు కప్పును కాపాడదు. రేకుల మీద రాళ్ళు, ఇసుక బస్తాలు, పాత టైర్లు వెయ్యడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా గాలికి లేచి అవే పక్కింటి వాళ్ళకు తగులుతాయి.

ముందు గోడ తల పరీక్ష చేయించు. పాత వాసాలు గోడ మీద ఊరికే కూర్చోబెట్టి, చుట్టూ ఇటుక ముక్కలు, సున్నంతో పూడ్చి ఉంటాయి. పై మూడు నాలుగు వరసల ఇటుకలు చేత్తో కదిలితే వాటిని తీయించెయ్. గోడ చుట్టూ 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు కాంక్రీటు బెల్టు పోయించు. అందులో 10 ఎంఎం చువ్వలు నాలుగు, 6 ఎంఎం రింగులు ప్రతి ఆరు అంగుళాలకు ఒకటి. మీ ఇంటి చుట్టుకొలత 96 అడుగులకు చువ్వలు సుమారు 80 కిలోలు, రింగులు 200, సిమెంటు 8 బస్తాలు పడతాయి. మిశ్రమం సిమెంటు 1, ఇసుక ఒకటిన్నర, కంకర 3 పాళ్ళు. మూలల దగ్గర చువ్వను కోసి వదిలెయ్యకూడదు, వంచి రెండో గోడలోకి రెండడుగులు పోనివ్వాలి. మేస్త్రీలు ఎగ్గొట్టేది సరిగ్గా ఇక్కడే. ఇసుక ఏటిదే కావాలి, సముద్రపు ఒడ్డు ఇసుక బండి చవగ్గా వస్తుందంటే వద్దను. నీళ్ళు కూడా ఉప్పు బావివి వాడనివ్వకు. ఉప్పు చేరితే చువ్వ లోపలే తుప్పు పట్టి ఉబ్బుతుంది, బెల్టు నిలువునా చీలుతుంది.

బెల్టు ఒక్కటే చాలదు. అది కూడా గోడ మీద కూర్చున్న వస్తువే. అయిదడుగులకొక చట్రం చొప్పున మీ ఇంటికి ఏడు చట్రాలు వస్తాయి, గోడ మీద 14 చోట్ల ఆనతాయి. ఒక్కో చోట ముప్పావు టన్ను లాగుడు. 9 అంగుళాల గోడలో అంత బరువు దొరకాలంటే కనీసం నాలుగడుగుల లోతు గోడను పట్టుకోవాలి. కాబట్టి ఆ 14 చోట్లా లోపలి వైపు గోడకు రెండంగుళాల గాడి కొట్టించి, 12 ఎంఎం చువ్వ దింపించు. కింది కొస లింటెల్ (తలుపు, కిటికీల పైన ఉండే అడ్డదిమ్మ) ఉన్నచోట దాని అడుగుకు కొక్కెంలా వంగాలి, లేనిచోట గోడలోకి ఆరంగుళాలు మడవాలి. పై కొస బెల్టు చువ్వలకు చుట్టాలి. గాడిని సన్న కంకర కాంక్రీటుతో నింపించు. మట్టితో కట్టిన గోడైతే ఈ పనికి పనికిరాదు. అప్పుడు గోడకు రెండు పక్కలా 40 బై 5 ఎంఎం ఇనుప పట్టీలు పెట్టి, ఆరపార బోల్టులు బిగించాలి. 2004లో వచ్చిన ఐఎస్ 15498లో తుపాను ప్రాంతపు చిన్న ఇళ్ళ కోసం ఈ సంగతులన్నీ ఉన్నాయి, మీ ఇంజినీరును అది తెరిచి చూడమను.

బెల్టు పోసేటప్పుడే చట్రం పాదం ప్లేట్లకు 12 ఎంఎం బోల్టులు రెండేసి నిలబెట్టాలి. పోశాక డ్రిల్లు వేసి రబ్బరు ప్లగ్గులు దూర్చే పని ఒప్పుకోకు. నట్టు మీద నట్టు, రెండూ ఉండాలి. ఒక్క నట్టు గాలి అదురుకు వదులవుతుంది.

కప్పు ఆకారం విషయంలో మీ అమ్మగారికి చెప్పి ఒప్పించాల్సినవి రెండున్నాయి. వాలు 25 డిగ్రీలకు తగ్గకూడదు. రేకు ఆదా అవుతుందని చదునుగా వేస్తే గాలి ఎక్కువ లాగుతుంది, వాన నీళ్ళు అతుకుల్లోంచి వెనక్కి ఎక్కుతాయి. చూరు అడుగున్నర దాటకూడదు. గోడ తడుస్తుందని మూడడుగులు వదులుతారు, ఆ చూరు కిందే గాలి దూరి కప్పును లేపుతుంది. వీలైతే నాలుగు వాలుల కప్పు వేయించు, రెండు వాలుల దానికంటే నిలకడ. రెండు వాలులే అయితే చివరి త్రికోణపు గోడలు ఒంటరిగా నిలబడకుండా పై అంచున కూడా బెల్టు పోసి, అడ్డ పైపులకు బిగించాలి.

వసారా కప్పును ప్రధాన కప్పుకు కొనసాగింపుగా వెయ్యనివ్వకు. అడుగు కింద విడిగా వేయించు. వసారాకు పైన లాగుడు, కింద తోపుడు రెండూ ఉంటాయి కాబట్టి ముందు పోయేది అదే. కలిపి వేస్తే పోతూ పోతూ ఇంటి కప్పును కూడా పట్టుకుపోతుంది. వసారా స్తంభాలకు రెండడుగుల చదరం, రెండడుగుల లోతు కాంక్రీటు దిమ్మ ఉండాలి, అది అయిదు క్వింటాళ్ళ పైన తూగుతుంది. నాపరాయి మీద పైపు నిలబెట్టి వెల్డింగు చేసిన వసారాలు మన వీధిలోనే ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు.

ఇక పాత కప్పు దించడం. ముందు భాగంలో ఉన్నవి పాత సిమెంటు రేకులు, ఆస్బెస్టాస్‌వే. వాటి మీద మనిషి నేరుగా కాలు పెట్టకూడదు, పైపు ఉన్నచోట కూడా. ఎండకు పెళుసెక్కి ఉంటాయి, పది అడుగుల కింద నేల. రెండు మూడు వాసాల మీద ఆనేలా చెక్కపలక వేసుకునే నడవాలి. గ్రైండరుతో కొయ్యద్దు, సుత్తితో పగలగొట్టద్దు. నీళ్ళు చిలకరించి తడిపి, కొక్కెం బోల్టు నట్లను రంపంతో కోసి, రేకును ముక్క కాకుండా దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి పోదు. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఆస్బెస్టాస్‌కు ఎన్95 మాస్కు కూడా చాలదు, పీ100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కులు నువ్వే కొని ఇవ్వు. దించిన ముక్కలు పొడి చేసి దారిలో పొయ్యనివ్వకు, ప్లాస్టిక్ పట్టాలో చుట్టించి పంచాయతీ వాళ్ళతో మాట్లాడి పంపించు. పని మొదలెట్టే రోజు లైన్‌మన్‌కు చెప్పి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఆపించడం మరచిపోవద్దు.

వెనక భాగం బంగాళా పెంకుల కింది తాటి వాసాలన్నీ పారెయ్యక్కర్లేదు. గోడలో దూరిన కొసల్ని ఉలితో పొడిచి చూడు. అర అంగుళం సులువుగా దిగితే ఆ వాసం పనైపోయింది, దిగకుండా ఖంగుమంటే ఇంకో పాతికేళ్ళు ఉంటుంది. పెంకులే ఉంచాలని అమ్మ పట్టుబడితే ఉంచుకోవచ్చు, ఇంట్లో చల్లదనం వేరు. కాకపోతే చూరు రెండు వరసలు, కొప్పు పక్క వరసలు, చివరల పెంకులు ఒక్కొక్కటీ రంధ్రంలోంచి తీగతో రీపరుకు (పెంకులు ఆనే సన్న చెక్కకు) కట్టాలి. కొబ్బరి చెట్లు ఇంటి మీదికి వంగి ఉన్న వైపు మాత్రం పెంకు వద్దు, ఒక్క బొండం పడితే నాలుగు పగులుతాయి.

ఇప్పుడు రేకులు. అల్యూమినియం, జింకు కలిసిన పూత మీద రంగు వేసినవి తీసుకో. పూత చదరపు మీటరుకు 150 గ్రాములు, మందం 0.50 ఎంఎం. బిల్లు మీద ఈ రెండూ రాయించుకో. 0.50 అని చెప్పి 0.40 అంటగట్టడం బజారులో మామూలే, వెల్డరు దగ్గర స్క్రూగేజి ఉంటుంది, లారీ దించేటప్పుడే కొలిపించు. మీ ఇంటికి ఒక్కో వాలు పొడవు పదకొండున్నర అడుగులు, కాబట్టి 12 అడుగుల రేకులు నిలువునా ఒకటే ముక్కగా వస్తాయి. పొడవులో అతుకే ఉండదు. పక్కకు ఒక్కో రేకు మీటరు కప్పుతుంది, వైపుకు 10 చొప్పున 20 రేకులు. కొప్పు రేకు 32 అడుగులు, అతుకులకు అదనం.

అడ్డ పైపులు 50 బై 50, రెండు ఎంఎం మందం, జీఐవి, అంటే జింకు పూత ఉన్నవి. మామూలుగా నాలుగైదు అడుగులకొకటి వేస్తారు. నువ్వు మధ్యలో మూడడుగులు, చూరు దగ్గరా కొప్పు దగ్గరా రెండడుగులు దాటనివ్వకు. వాలుకు ఆరు వరసలు, మొత్తం 384 అడుగులు, 20 అడుగుల పైపులు 20. తరుగు, అతుకులకు మరొకటి. పైపు కొసలన్నీ ప్లేటుతో మూసి వెల్డింగు చెయ్యాలి. తెరిచి ఉంటే ఉప్పుగాలి లోపలికి పోయి, బయట రంగు నిగనిగలాడుతుండగానే లోపల్నుంచి తినేస్తుంది. వెల్డింగు వేడికి జింకు కాలిపోతుంది కాబట్టి ప్రతి అతుకునూ తీగ బ్రష్‌తో రుద్ది జింకు పెయింటు రెండు పూతలు వెయ్యాలి. ఎర్ర ఆక్సైడు ఒక్కటీ పూసి సరిపెడితే ఒప్పుకోవద్దు.

స్క్రూల దగ్గర పిసినారితనం పనికిరాదు. సముద్రానికి ఇంత దగ్గరలో రేకు కంటే ముందు పోయేది స్క్రూ తలే. పసుపు రంగు మామూలు స్క్రూలు వద్దు, దళసరి పూత ఉన్నవి, ఎండకు తట్టుకునే నల్ల ఈపీడీఎం రబ్బరు వాషరుతో తీసుకో. చూరు వరసలో, కొప్పు పక్కన, రెండు చివరల రేకు మడతల్లో పైకి లేచిన ప్రతి మిట్టకూ ఒకటి. మధ్య వరసల్లో మిట్ట విడిచి మిట్టకు. మీ ఇంటికి ఇలా 500 దాటతాయి, 600 కొను. రేకుకూ రేకుకూ పక్క అతుకులో ప్రతి అడుగున్నరకు ఒక చిన్న స్క్రూ, అవి 150. గాలి ఒకవైపు నుంచే వస్తుందని అతుకు ముఖం తిప్పి ధీమా పడతారు. తుపాను కన్ను దాటాక గాలి ఎదురు దిక్కుకు తిరుగుతుంది, అందుకే అతుకులన్నీ కుట్టాల్సిందే.

బిగింపు దగ్గర కాసేపు నిలబడి చూడాలి. వాషరు రబ్బరు ఇనుప బిళ్ళ అంచు దాటి కొద్దిగా కనబడితే సరి. గొడుగులా విచ్చుకుంటే ఎక్కువ బిగించినట్టు, ఏడాదిలో చిట్లి కారుతుంది. వేలితో తిప్పితే రబ్బరు తిరిగితే తక్కువ. స్క్రూ వంకరగా దిగితే తీసి పక్కన ఇంకోటి వెయ్యాలి, పాత కంతకు బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) అంటించాలి. సాయంత్రానికి రేకుల మీద పడ్డ ఇనుప రజను చీపురుతో ఊడ్పించు, రాత్రి మంచుకే తుప్పు మచ్చలు వేస్తుంది. గుర్తులు పెట్టడానికి పెన్సిలు వాడనివ్వకు, ఆ నల్లగీత ఉప్పుగాలిలో పూతను తింటుంది, స్కెచ్ పెన్ను ఇవ్వు. కోత గ్రైండరుతో కాదు, రేకు కత్తెరతో. తడి సిమెంటు రేకుకు తగలకూడదు కాబట్టి గోడ దగ్గర కంతలను సిమెంటుతో పూడ్చకుండా నురుగు పట్టీలు పెట్టించు. చూరు మిట్టల కింద ఖాళీలు కూడా ఆ పట్టీలతోనే మూయించు, గాలి, ఉడతలు రెండూ ఆగుతాయి.

పని సంక్రాంతికీ ఉగాదికీ మధ్య పెట్టుకో. మే నెల ఎండలని ఆపితే ఆ నెలలో కూడా తుపాన్లు వస్తాయి, 2010 లైలా మేలోనే వచ్చింది. ఒక రోజులో టార్పాలినుతో కప్పగలిగినంత మేరే పాత కప్పు విప్పమను.

నువ్వు హైదరాబాదులో ఉంటావు కనుక డబ్బు విడతలను వాట్సాప్ ఫొటోలకు ముడిపెట్టు. గాడిలో చువ్వ దింపాక పూడ్చకముందు ఒకటి, బెల్టు చువ్వలు మూలల దగ్గర వంగినట్టు ఒకటి, పాదం ప్లేట్ల రెండేసి నట్లు 14 చోట్లా, పైపు కొసలు మూసినట్టు. ఇవి రేకు పడ్డాక ఎవరికీ కనబడవు, కాబట్టి ఇవి అందాకే రేకులెక్కించమని చెప్పు. ఆఖరి విడత మొదటి పెద్ద వాన తర్వాత.

ఆ తర్వాత చూసుకోవలసింది తక్కువే. చూరు అడుగుభాగాన్ని వాన కడగదు, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. మూడు నెలలకోసారి మంచినీళ్ళ పైపుతో కింది నుంచి కొట్టమని పాలేరుకు చెప్పు. ఏటా సెప్టెంబరులో చూరు, కొప్పు వరసల స్క్రూలు తిప్పి చూడాలి, తల తుప్పెక్కినవి మార్చాలి. కొన్న 600లో మిగిలినవి ఒక డబ్బాలో పోసి, ఆ సైజు సాకెట్టు బిట్టుతో పాటు అటక మీద పెట్టించు. సోంపేట బజారులో సరిగ్గా కావలసినప్పుడే అవి దొరకవు.

ఇట్లు,
మీ బాబాయి