మూడోనాటి జాడీ: ఒక యువ రచయితకు లేఖ

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం నిన్న సాయంత్రం రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది కనుక ఆ విషయంలో నేను చెప్పవలసింది లేదు. చెప్పవలసిందంతా ఒక్క మాట గురించే. అగరొత్తి పరిమళం ఇల్లంతా నిండడం, ఆవకాయ ముక్కకు ఉప్పు పట్టడం, ఊపిరితిత్తుల్లోంచి ఆక్సిజన్ నెత్తుటిలోకి చేరడం, బీచ్ రోడ్డు మేడల స్లాబుల్లో ఇనుము తుప్పు పట్టడం, ఈ నాలుగింటికీ కారణం 'వ్యాపనం', అంటే అణువులు తమ యాదృచ్ఛిక చలనంతోనే చెదిరి పరుచుకోవడం, అని రాసి ముందుకు సాగిపోయావు. ఒక్కొక్కచోట అది చేసే పని వేరు. మొదటిదానిలో అయితే దాని పాత్ర చాలా స్వల్పం.

ఈ పొరపాటు నీ వయసులో నేనూ చేశాను. అగరొత్తి వాసన ఇల్లు చుట్టిరావడానికి అణువుల యాదృచ్ఛిక చలనమే కారణమని ఒక పత్రికకు రాస్తే, పదవీ విరమణ చేసిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకులు నాకు కార్డు ముక్క రాశారు. ఎంత దూరానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేశారా అన్నదొక్కటే అందులోని ప్రశ్న. వేయలేదు. వేశాక సిగ్గుపడ్డాను. వ్యాపనానికే మరో పేరు విసరణ; అది ఎంత చురుగ్గా సాగుతుందో చెప్పే అంకె విసరణ గుణకం. గాలిలో వాసన అణువులకు అది సెకనుకు సుమారు 0.1 చదరపు సెంటీమీటరు. దూరాన్ని వర్గం చేసి, ఈ గుణకానికి రెట్టింపు విలువతో భాగిస్తే పట్టే కాలం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఒక మీటరుకు 50,000 సెకన్లు, అంటే దాదాపు 14 గంటలు. దేవుడి గదిలో వెలిగించిన అగరొత్తి వాసన నిమిషం తిరక్కుండా వసారాలోకి వస్తున్నదంటే, దాన్ని మోసుకొచ్చేది ఫ్యాను గాలి, కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలి, నిప్పు వేడికి పైకి లేచే సన్నని గాలి పాయ. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ళమీద పడడాన్ని కూడా నువ్వు ఇదే మాటతో వివరించావు. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువైనది. ఊళ్ళోకి దాన్ని తెచ్చినవి గాలి కదలికలు. ప్రాణాలు పోయిన చోట కారణాన్ని తప్పు రాయకూడదు కనుక ఆ పేరాను పూర్తిగా తిరగరాయి.

ఈ గందరగోళంలో మన భాష వంతు కూడా కొంత ఉందని నాకు అనుమానం. రసాయనశాస్త్ర పాఠంలో 'వ్యాపనం' అంటారు, జీవశాస్త్ర పాఠంలో 'విసరణ' అంటారు. నువ్వు రెండూ వాడావు. మంటలు, పుకార్లు, జ్వరాలు అన్నీ 'వ్యాపించే' భాష మనది కావడంతో, వ్యాపనం అనగానే పాఠకుడికి ఏ విధంగా పాకినా అదేననిపిస్తుంది. అందుకే నేను విసరణ అనే రాస్తాను. నీకు వ్యాపనమే నచ్చితే అదే వాడు కాని, ఒక వ్యాసంలో ఒకటే ఉండనీ.

ఇక 'అణువులు ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు వెళ్ళాలని చూస్తాయి' అన్న నీ వాక్యం. అణువు ఏమీ చూడదు, దానికి ఏ గాఢతా తెలియదు. పెళ్ళివారి విడిదిలో పక్కపక్కనే రెండు గదులున్నాయనుకో, ఒకదానిలో వందమంది, మరొకదానిలో పదిమంది. ఏ ఉద్దేశమూ లేకుండా, ప్రతి నిమిషమూ ప్రతి గదిలోనూ పదోవంతు మంది పక్క గదిలోకి నడిచారంటే, ఇటునుంచి అటు పదిమంది పోతారు, అటునుంచి ఇటు ఒకరు వస్తారు. తేడా తొమ్మిది. ఎవరూ ఎక్కడికీ పోవాలనుకోలేదు. ఇటువైపు మనుషులు ఎక్కువ ఉన్నారు, అంతే. అడోల్ఫ్ ఫిక్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1855లో, పాతికేళ్ళ వయసులో, నీటిలో ఉప్పు కదలికకు సూత్రం కట్టినప్పుడు, ఉష్ణం గురించి ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ 1822లో చెప్పిన సూత్రం రూపాన్నే తీసుకున్నాడు. అణువులు నిజంగా ఉన్నాయా లేవా అన్న వాదం అప్పటికి తేలనేలేదు. ఫిక్ పేరు ఒక్కటి ఉంచి, నువ్వు వరుసగా పేర్చిన మిగతా పేర్లు తీసెయ్యి. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్‌ను ఉంచదలచుకుంటే మాత్రం, 1827లో ఆయన చూసినది పుప్పొడి రేణువులోంచి వచ్చిన సూక్ష్మకణాల కదలికను, రేణువు కదలికను కాదని సరిదిద్దు.

నీ నాలుగు ఉదాహరణల్లో నిజమైన సరుకు ఆవకాయలో ఉంది, నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. జాడీ మూత తీసి చూడు. కలిపిన మూడోనాటికి ఊట పైకి వస్తుంది, ఉప్పంతా అడుగున చేరుతుంది, మీ అమ్మగారు చెయ్యి పెట్టి అడుగునుంచి తిరగకలుపుతారు. ఎందుకు? నిశ్చలమైన నీటిలో జానెడు ఎత్తుకు, అంటే 20 సెంటీమీటర్లకు, ఉప్పు విసరణ మీదే ఆధారపడి ఎక్కాలంటే సుమారు ఐదు నెలలు పడుతుంది. ఈలోపు పైముక్క బూజు పడుతుంది. అదే ముక్క పైభాగం నుంచి లోపలికి అర సెంటీమీటరు పోవడానికి, నీటిలో అయితే రెండున్నర గంటల లోపే చాలు. ముక్కలోని కణాల గోడలూ పొరలూ అడ్డం పడతాయి కనుక రోజులు పడుతుంది. జాడీలో దూరం చెయ్యి చూసుకుంటుంది, ముక్కలో దూరం విసరణ చూసుకుంటుంది. 'ఊరడం' అనే మాట నీ వ్యాసంలో ఒక్కసారి కూడా రాలేదేమిటయ్యా?

దూరం రెట్టింపయితే కాలం నాలుగింతలవుతుందన్న సంగతిని మాటల్లో నమ్మించలేవు. చైనా గడ్డిని (అగర్ అనే జిగురు పదార్థాన్ని) పలుచగా కాచి, గాజు గొట్టంలో పోసి పేరనిచ్చి, పైన కాస్త మైలుతుత్తం ద్రావణం పొయ్యి. వట్టి నీటిలో రంగు పలుకు వేస్తే కనిపించే చారలు బరువుకు కిందికి దిగే ప్రవాహాలు. జిగురులో ప్రవాహం ఉండదు కనుక చూసేది అచ్చమైన విసరణ. నేను గొట్టానికి కాగితం అంటించి గీతలు గీశాను. మొదటి గంటకు నీలిరంగు కొద్ది మిల్లీమీటర్లు దిగింది, దానికి రెట్టింపు దిగడానికి నాలుగో గంట దాకా ఆగవలసి వచ్చింది, మూడింతలకు తొమ్మిదో గంట. రాత్రంతా కూర్చున్నాను.

ఈ లెక్క చేతిలో ఉంటే ఊపిరితిత్తుల పేరా దానంతట అదే నిలబడుతుంది. గాలితిత్తికీ రక్తనాళానికీ నడుమ ఉన్న పొర ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కంటే పలుచన; విశ్రాంతిలో ఎర్రకణం అక్కడుండే ముప్పావు సెకనులో మూడోవంతులోనే పని అయిపోతుంది. అదే ఆక్సిజన్ ఊపిరితిత్తుల నుంచి కాలి బొటనవేలికి విసరణ మీద పోవాలంటే ఏళ్ళు పడుతుంది, అందుకే గుండె. ఇక స్లాబు సంగతి: సముద్రపు ఉప్పులోని క్లోరైడు, కాంక్రీటు రంధ్రాల్లోని తేమ గుండా ఊచను చేరడానికి ఏళ్ళు పడుతుంది, పెచ్చులూడడం ఆ తర్వాతి కథ. దానికి రెండు వాక్యాలు చాలు.

తిరగరాసే ముందు ఒకరోజు పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళు. నెత్తళ్ళను ఉన్నవి ఉన్నట్టే ఎండలో పరుస్తారు. కోనెం వంటి పెద్ద చేపనైతే వీపు వెంట చీల్చి, పుస్తకంలా తెరిచి, కండమీద అడ్డంగా గాట్లు పెట్టి ఉప్పు కూరుతారు. మందం సగమైతే ఉప్పు లోపలికి పోయే కాలం నాలుగోవంతు. ఇన్ని గాట్లెందుకని ఒకామెను అడిగితే, కత్తి ఆపకుండానే, "నేకపోతే ముల్లు కాడ కుళ్ళిపోద్ది బాబూ" అంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి