ప్యారలల్ పార్కింగ్ దగ్గర తప్పిన డ్రైవింగ్ పరీక్షకు మళ్ళీ ఎలా సిద్ధం కావాలి?

మీరు అమలాపురంలో కారు లైసెన్సు పరీక్షకు వెళ్ళి, మిగిలినవన్నీ బాగానే చేసి, ప్యారలల్ పార్కింగ్‌లో (అంటే రోడ్డు అంచుకు సమాంతరంగా, రెండు కార్ల మధ్య సందులోకి కారును వెనక్కి నడిపి ఆపడంలో) కార్లకు బదులుగా నిలిపిన కర్రను తాకించినందువల్ల తప్పానని, మళ్ళీ వెళ్ళేలోగా ఎలా సాధన చేయాలో చెప్పమని అడిగారు. మాది కొత్తపేట పక్కన ఒక పల్లెటూరు. నేను కూడా మొదటిసారి ఈ అంశంలోనే తప్పి, తరువాత నెగ్గాను. ఆ మీదట మా మరదలు ఇదే పరీక్షకు సిద్ధమవుతున్నప్పుడు పక్క సీటులో కూర్చుని సాధన చేయించాను. ఈ రెండు సందర్భాల్లోనూ నాకు రూఢి అయిన విషయం ఏమిటంటే, కారు వెనక ఎడమ చక్రం ఎక్కడ ఉందో మనసుకు తెలుస్తూ ఉండాలి; అది తెలియనంతకాలం ఎన్ని గుర్తులు కంఠస్థం చేసినా ఈ పార్కింగ్ నిలకడగా రాదు.

డ్రైవింగ్ స్కూళ్ళలో చాలావరకు గుర్తుల పద్ధతిలోనే నేర్పుతారు. వెనక కిటికీలో ఫలానా కర్ర కనిపించగానే స్టీరింగ్‌ను ఎడమకు పూర్తిగా కోయమంటారు, అంటే తిప్పమంటారు, అద్దంలో రెండో కర్ర కనిపించగానే స్టీరింగ్ సరిచేయమంటారు. ఆ గుర్తులు ఆ కారుకు, ఆ సీటు ఎత్తుకు, ఆ మైదానంలో ఆ కర్రల మధ్య దూరానికి మాత్రమే పనికివస్తాయి. వీటిలో ఏ ఒక్కటి మారినా గుర్తు సరైన చోటికి రాదు, రాకపోయేసరికి చేతులు ఆడవు. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. స్కూలు కారులో నేర్పేవారి కాళ్ళ దగ్గర కూడా పెడల్స్ ఉంటాయి కాబట్టి, మీరు స్టీరింగ్ తిప్పడంలో మునిగి ఉన్నప్పుడు కారు వేగాన్ని అదుపు చేస్తున్నది ఆయన పాదం కావచ్చు. నాకు నేర్పిన చోట అలాగే జరిగింది. పరీక్షలో ఒక్కదాన్నే కూర్చునేసరికి కారు అలవాటైనదానికంటే వేగంగా వెనక్కి పోయింది. అందువల్ల మీకు నేర్పేవారిని, ఇక మీదట పార్కింగ్ చేయించేటప్పుడు పెడల్స్ మీద కాలు పెట్టవద్దని, ప్రమాదం అనిపిస్తేనే బ్రేకు తొక్కమని ముందుగానే గట్టిగా అడగండి.

కాబట్టి మొదట కర్రలు, గీతలు అన్నీ పక్కన పెట్టి, రివర్స్ గేరులో కారును మనిషి నడకకంటే నెమ్మదిగా నడపడం ఒక్కటే అభ్యాసం చేయండి. మన డెల్టా నేల బల్లపరుపుగా ఉండడం ఇందుకు కలిసివస్తుంది. యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్‌ను కారు కదలడం మొదలయ్యే చోటు వరకు వదిలి, అక్కడే పాదాన్ని నిలిపి, కుడికాలిని బ్రేకు మీద సిద్ధంగా ఉంచితే, చాలా కార్లు వాటంతట అవే మెల్లగా వెనక్కి జరుగుతాయి. కారు అంత నెమ్మదిగా కదులుతున్నప్పుడు స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పేలోగా జరిగే దూరం చాలా తక్కువ. ఆలోచించుకోవడానికి సమయం దొరికేది కూడా అప్పుడే. ఇది కుదరకముందే కర్రల మధ్యకు వెళ్ళడం వల్ల భయం పెరగడం తప్ప ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

ఆ తరువాత చక్రం సంగతి. మా పెద్దన్నయ్య రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలల వ్యాను నడిపినవాడు. ఆయన నాచేత చేయించిన సాధనను మించినది నాకు మరొకటి తెలియదు. నేల మీద సుద్దపొడితో ఒక పొడవాటి గీత గీసి, దాని పక్కగా కారును వెనక్కి పోనిస్తూ, ఉన్నట్టుండి ఆపమనేవాడు. "ఇప్పుడు నీ వెనక ఎడమ టైరుకూ గీతకూ మధ్య ఎన్ని జానల ఎడం ఉందో చెప్పమ్మా" అని అడిగేవాడు. నేను అద్దంలో చూసి చెప్పాక, దిగి వెళ్ళి కొలిచి రమ్మనేవాడు. నేను చెప్పిన లెక్కకూ అసలు దూరానికీ మొదట్లో పొంతన ఉండేది కాదు, పోనుపోను తేడా తగ్గుతూ వచ్చింది. మా మరదలికీ ఇదే చేయించాను. "వదినా, టైరు గీత ఎక్కేసిందనుకున్నాను, దిగి చూస్తే ఇంకా మూరెడు ఉంది" అని ఆమె ఆశ్చర్యపోయిన రోజు నుంచే ఆమె పార్కింగ్ కుదుటపడింది. ఇందుకోసం ఎడమవైపు అద్దాన్ని కాస్త కిందికి వంచి, వెనక టైరు నేలను తాకే చోటు కనిపించేలా పెట్టుకోవాలి. మళ్ళీ రోడ్డెక్కేముందు దానిని యథాస్థితికి తేవడం మరవవద్దు.

ఇక అసలు పార్కింగ్‌కు వద్దాం. స్టీరింగ్‌తో తిరిగేవి ముందు చక్రాలు మాత్రమే. ముందుకు పోతూ సందులోకి దూరితే వెనక భాగం బయటే మిగిలిపోతుంది, వెనక్కి పోతూ దూరితే వెనక చక్రాలు ముందుగా అంచు దగ్గరకు చేరి, ఆ తరువాత ముందు భాగం లోపలికి తిరుగుతుంది. ముందున్న కారుకు, లేదా కారుకు బదులుగా నిలిపిన కర్రలకు, సుమారు అర మీటరు నుంచి మీటరు ఎడంగా సమాంతరంగా ఆగి, రెండింటి వెనక భాగాలు ఒకే వరుసలోకి వచ్చాక, చుట్టూ చూసుకుని మెల్లగా కదులుతూ ఎడమకు పూర్తిగా కోయండి. రోడ్డు అంచుకు కారు దాదాపు 45 డిగ్రీల కోణంలోకి వచ్చాక స్టీరింగ్ సరిచేసి తిన్నగా వెనక్కి పోనివ్వండి. మీ కారు ముందు ఎడమ మూల, ముందున్న కారు వెనక మూలను దాటిందని నిర్ధారించుకున్నాక కుడికి పూర్తిగా కోస్తే, కారు ముక్కు లోపలికి వస్తుంది. ఎడమ అద్దంలో అంచు గీత కారుకు సమాంతరమయ్యాక చక్రాలు తిన్నగా చేసి ఆగండి.

తప్పు జరిగినప్పుడు అది ఏ దశలో జరిగిందో గుర్తించగలగడం చాలా అవసరం. కుడికి తొందరపడి కోస్తే ముందు ఎడమ మూల కర్రకు తగులుతుంది, లేదా కారు గీతకు దూరంగా ఉండిపోతుంది. ఆలస్యంగా కోస్తే వెనక ఎడమ టైరు గీత దాటిపోతుంది. మీ విషయంలో తగిలినది ముందు కర్రో వెనక కర్రో మీరు రాయలేదు. ముందుదైతే కుడికి తిప్పడంలో తొందరను, వెనకదైతే ఆగడంలో ఆలస్యాన్ని సరిచూసుకోండి.

సాధనకు స్థలం విషయంలో జాగ్రత్త వహించండి. ఖాళీ రంగు డబ్బాల్లో ఇసుక పోసి వెదురు కర్రలు నిలిపితే చాలు, తగిలినా కారుకు దెబ్బ ఉండదు. మనవైపు నడిచే చిన్న కార్లు ఎక్కువగా 4 మీటర్ల లోపు పొడవే ఉంటాయి కాబట్టి, మొదట కారుకు రెండింతల చోటుతో ప్రారంభించి, క్రమంగా ఒకటిన్నర వంతులకు తగ్గించుకోండి. ఇళ్ళు ఇంకా కట్టని లేఅవుట్లలో, యజమానుల అనుమతితో, గట్టి నేల మీద చేసుకోవడం ఉత్తమం. వానాకాలంలో మన ఒండ్రు మట్టిలో చక్రం జారుతుంది, దాళ్వా (రెండో పంట వరి) కోతల రోజుల్లో ఊరి రోడ్లు సగం ధాన్యం ఆరబోతతో నిండి ఉంటాయి. కాలువ గట్టు రోడ్ల మీద మాత్రం దయచేసి సాధన చేయవద్దు. ధవళేశ్వరం ఆనకట్ట కింద తవ్విన కాలువల వెంట మన దారులు ఎన్నో సాగుతాయి, అక్కడ వెనక ఎడమ చక్రం అంచు దాటితే దిగేది నీళ్ళలోకే. లైసెన్సు వచ్చాక అటువంటి రోడ్డు పక్కన మీరు నిజంగానే కారు ఆపవలసి వస్తుంది కనుకనే ఆ చక్రం మీద ఇంతగా పట్టుబడుతున్నాను. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు) మీద నడుపుతున్నంతకాలం ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం, పక్క సీటులో లైసెన్సు ఉన్నవారు తప్పనిసరి.

గడువు గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం తప్పినవారు 7 రోజుల తరువాత మళ్ళీ హాజరు కావచ్చు. మూడుసార్లూ తప్పితే చివరి పరీక్ష నాటి నుంచి 60 రోజులు ఆగాలి, 2019 సవరణ ప్రకారం దిద్దుబాటు శిక్షణ కూడా పూర్తి చేయాలి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. కాబట్టి ఎనిమిదో రోజునే స్లాట్ తీసుకోవాలన్న ఆత్రం వద్దు, గడువు దగ్గరపడే వరకు ఆగడమూ వద్దు. వీలైతే పరీక్షకు తీసుకువెళ్ళే కారులోనే చివరి సాధన చేయండి. ముందొక రోజు వెళ్ళి, బయటి నుంచి ఇతరుల పరీక్షలు చూసి, కర్రల ఎడం గమనించండి. ముందుకు జరిగి సరిచేసుకునే అవకాశం ఎన్నిసార్లు ఇస్తారో పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారిని మొదలుపెట్టకముందే అడగండి. ఇస్తానంటే, కర్రకు దగ్గరవుతున్నట్టు అనిపించిన వెంటనే పూర్తిగా ఆగి, ఆ అవకాశాన్ని సంకోచం లేకుండా వాడుకోండి.